రేకుల కింద ఆరు రోజులు

ఖమ్మం,
16 ఫిబ్రవరి 2003

గంగత్తకు,

ఈ ఉదయం మా వంటింటి కిటికీ మీద ఒక పిచ్చుక వాలింది. ముక్కు తెరిచి, రెక్కలు ఒంటికి దూరంగా పెట్టుకుని చాలాసేపు అలాగే నిలబడింది. పిచ్చుకలు అలా మే నెలలో నిలబడతాయి. ఇంకా శివరాత్రి కూడా రాలేదు.

రాయాలని నెల రోజులుగా అనుకుంటున్నాను. ఆ పిచ్చుకను చూశాక రాస్తున్నాను.

అక్కకు ఆరో నెల. మే ఆఖరుకు కాన్పు అని డాక్టరమ్మ చెప్పారు. ఏప్రిల్ మొదటి వారంలోనే అక్కను ఖమ్మం పంపండి. అమ్మ లేని ఇల్లు కదా అని తొలి కాన్పుకు మీ దగ్గరే ఉంచుకున్నారు. నాన్న తన అక్క మాట కాదనలేక సరేనన్నాడు. నేనూ ఊరుకున్నాను. ఈసారి ఊరుకోను. కిందటి మే నెలలో మీ ఇంట్లో పుట్టి ఆరు రోజులు బతికిన బాబును నేను మరచిపోలేదు.

నాన్న డిపో నుంచి ఐదింటికి వచ్చేస్తాడు. కాన్వెంటు స్కూల్లో నేను చూసే లైబ్రరీకి మే నెలంతా సెలవు కాబట్టి నేను ఇంట్లోనే ఉంటాను. ఇంట్లో ఫ్యాను ఉంది. ఆస్పత్రి నడిచి వెళ్లేంత దూరం.

కోటేష్ బావకు కూడా చెప్పండి. మీరు ఒప్పుకుంటారని రాయడం లేదు. మీకు చెప్పకుండా చేశానని రేపు అనకూడదు, అందుకని.

ఉషారాణి


ఊటవాగు గుంపు, దమ్మపేట మండలం,
2 మార్చి 2003

ఉషారాణికి,

దీవెన రాద్దామని కలం పట్టిన గాని, నీ ఉత్తరం పక్కన పెట్టుకుంటే చెయ్యి వస్తలేదు. నిన్న శివరాత్రి ఉపవాసం. ఇయ్యాల రెండు మెతుకులు తిని కూసున్న.

పుట్టినప్పటి సంది నన్ను ‘నువ్వు’ అన్న పిల్లవి. ఇప్పుడు ‘మీరు’ అంటున్నవ్. ఇది కాన్వెంటు మర్యాదా, లేకుంటే పోలీసోళ్ల మర్యాదా? వాళ్లు గూడ కేసు రాసేటప్పుడు మీరు అనే అంటరు.

‘మీ ఇంట్లో పుట్టి ఆరు రోజులు బతికిన బాబు’ అని రాసినవ్. అంటే ఏంది? నేను సంపిన్ననా? రాసేదానివి పూర్తిగ రాయి. సగం రాసి సగం మింగుడు నీకు చిన్నప్పటి అలవాటే. ఆ బాబు నా కొడుకు కొడుకు. నీకేమైతడో నాకు అంతకంటే ఎక్కువ అయితడు.

ముప్పై రెండు కాన్పులు నా చేతుల మీద అయినయ్. అందులో నీది ఒకటి. నువ్వు మార్గశిరంల పుట్టినవ్. కుంపటి పెట్టకపోతే సలికే పోయేదానివి. పుస్తకాలు సదివే మెదడు ఆ కుంపటి ఎచ్చకు నిలిచిందే. పన్నెండేండ్ల సంది ఈ ఊరి అంగన్‌వాడీ టీచర్ని. పిల్లల బరువు ఎట్ల తూయాల్నో, తల్లికి ఏం పెట్టాల్నో నాకు చెప్పేంత దానివి అయినవా?

మలికాన్పు అత్తింట్లనే. అది నేను పెట్టిన పద్ధతి కాదు. నా కోడలు యాడికీ రాదు.

గంగక్క


ఖమ్మం,
14 మార్చి 2003

అత్తకు,

పూర్తిగా రాయమన్నారు. రాస్తాను.

బాబు పుట్టిన నాలుగో రోజు సాయంత్రం నేను మీ ఊరు వచ్చాను. ఐదో రోజంతా ఆ గదిలోనే ఉన్నాను. గదికి ఒకటే కిటికీ. దానికి గోనెసంచి కుక్కి ఉంది. తలుపు మూసి ఉంది. మంచం కింద కుంపటి. బాబు ఒంటి మీద మూడు గుడ్డలు, తలకు ఉన్ని టోపీ. బయట వడగాలి. ఆ వారమంతా పేపర్లో వడదెబ్బకు పోయినవాళ్ల సంఖ్య రోజూ వేస్తూనే ఉన్నారు.

అక్క మూడుసార్లు నీళ్లడిగింది. మీరు వాము కాచిన నీళ్లు అర గ్లాసు ఇచ్చారు. “పచ్చి బాలింతకు నీళ్లు ఎక్కువిస్తే ఒళ్లంతా నీరు పడ్తది” అన్నారు. నీళ్లు లేని మనిషికి పాలు ఎక్కడి నుంచి వస్తాయి?

సాయంత్రం నాలుగింటికి బాబు పాలు పట్టడం లేదని నేను చెప్పాను. “నిద్రమత్తు. పసోళ్లు గట్లనే పంటరు” అని మీరు నవ్వారు. దమ్మపేట దవాఖానాకు చేరేసరికి ఆరు దాటింది. వాళ్లు సత్తుపల్లి పొమ్మన్నారు. మర్నాడు పొద్దున అక్కడే పోయాడు.

మా స్కూలు డిస్పెన్సరీలో ఉండే సిస్టర్‌ను అడిగాను. పసిపిల్లలకు మనలాగా చెమట పట్టదట. ఒంట్లో వేడిని బయటికి పంపే శక్తి వాళ్లకు ఇంకా ఉండదట. ఉక్కగా ఉందని వాళ్లు చెప్పలేరు. పాలు మానేస్తారు. వాళ్లు చెప్పడం అంటే అదే.

ఇది అంగన్‌వాడీ టీచరుకు తెలియకపోవడం ఎలా అని ఆమె అడిగారు.

అక్కను పంపండి.

ఉషారాణి


ఊటవాగు గుంపు,
31 మార్చి 2003

ఉషారాణికి,

నీ ఉత్తరం పోస్టుమాను నలుగురి ముందల చేతికిచ్చిండు. “ఏంది గంగక్కా, ఖమ్మం నుంచి నెలకొకటి, మేనకోడలికి శాన ప్రేమ ఉన్నట్టుంది” అన్నడు. అవ్, శాన ప్రేమ అన్న.

కుంపటి గురించి రాసినవ్. కుంపటి మా అత్త పెట్టింది, మీ నాయనమ్మ పెట్టింది. రెల్లుగడ్డి కప్పు కింద పెట్టింది. గోడలు మట్టియి, కప్పు మూరెడు మందం. మధ్యాహ్నం ఇంట్లకు వస్తే కుండల చెయ్యి పెట్టినట్టు ఉండేది. ఆ ఇంటి కప్పు పీకించింది ఎవరు? “గడ్డి ఇంట్లో తేళ్లు, పైగా అంటుకుంటే బూడిద, అక్క అక్కడ కాపురం ఎట్లా చేస్తుంది నాన్నా” అని మా తమ్ముడి చెవిల పోరింది ఎవరు? పెండ్లి అయిన ఏడే వాడు లారీల రేకులు ఏసుకొచ్చి కప్పించి పోయిండు. మేనత్తకు పక్కా ఇల్లు వచ్చిందని ఊరంతా సూడ వచ్చిన్రు. ఆ రేకులు ఎక్కినంక ఇంట్ల మధ్యాహ్నం పిల్లి గూడ ఉండదు. అప్పుడు నువ్వేసింది రేకులు, నేను పెట్టింది కుంపటి. ఒకటే రాసి రెండోది మింగినవ్.

ఇంకొకటి చెప్త. ఇప్పపూలు మేం ఉగాది దాటినంక ఏరుకునేటోళ్లం. ఈ ఏడు శివరాత్రికే సగం రాలినయ్. వాగుల చెలిమె తీస్తే మోచేతి లోతుకు ఊరే నీళ్లు, ఇప్పుడు మనిషి లోతు తవ్వినా తడి ఇసుకనే. మే నెలల రెండు వానలన్న పడేటియి, మామిడికాయలు రాలేటియి. మూడేండ్ల సంది ఒక్కటి లేదు. తెల్లారుజామున గూడ గోడ సల్లబడ్తలేదు. ఇదంత నా కుంపటి చేసిందా?

మీ అక్కను అడిగిన. “పోతవా బిడ్డా ఖమ్మం” అని. పోను అన్నది. నమ్మకపోతే వచ్చి అడుగు.

గంగక్క


ఖమ్మం,
18 ఏప్రిల్ 2003

అత్తకు,

రేకుల సంగతి నిజం. నాన్నతో చెప్పింది నేనే. ఒక పుస్తకంలో చదివి చెప్పాను. రేకుల కింద వేసవి ఎలా ఉంటుందో ఆ పుస్తకంలో లేదు.

అయినా రేకుల కింద కుంపటి పెట్టమని కూడా ఆ పుస్తకంలో లేదు.

మీ ఊరి ముత్యాలు మామయ్య మొన్న మార్కెట్ పని మీద ఖమ్మం వచ్చాడు. అక్కను బీడీల తునికాకు ఆరబోసే కల్లంలో చూశానని చెప్పాడు. ఎనిమిదో నెల మనిషి, పన్నెండు గంటల ఎండలో, ఆకు కట్టల మధ్య! మీరు ఇంట్లో బాగా చూసుకుంటున్నానని రాస్తారు. అక్కడ అక్క ఆకు కోస్తోంది. కిందటి బాబు నెల తక్కువగా ఎందుకు పుట్టాడో నాకు ఇప్పుడు అర్థమైంది.

మీతో మాట్లాడి లాభం లేదు. మీ అంగన్‌వాడీ ప్రాజెక్టు ఆఫీసుకు ఉత్తరం రాశాను. గర్భిణులకు జాగ్రత్తలు చెప్పాల్సిన టీచరు ఇంట్లో ఏం జరుగుతోందో రాశాను. మీ పేరు, మీ సెంటరు పేరు, నా పేరు, నా సంతకం ఉన్నాయి. దొంగచాటుగా చేశానని అనరాదు.

27న వస్తాను. అక్క బట్టలు సర్ది ఉంచండి.

ఉషారాణి


ఊటవాగు గుంపు,
6 మే 2003

ఉషారాణికి,

వచ్చినవ్. గుమ్మం బయట నిలబడ్డవ్. చెప్పులు గూడ ఇడవలే. నేను చెంబుతో నీళ్లిస్తే తీసుకోలే. బస్సులో వచ్చినోళ్లకు దాహం కాదా? విషం కలిపిన్ననుకున్నవా?

మీ అక్క ఏమన్నదో నువ్వు మీ నాన్నకు సక్కగ చెప్పి ఉండవు. నేను రాస్త, వాడికి సదివి వినిపియ్యి. “ఆడికొస్తే నాన్న డ్యూటీకి పోతడు. నువ్వు మూలకు కూసోని పుస్తకం తీస్తవ్. నాకు నొప్పులొస్తే పక్కింటోళ్లను పిలవడానికి గూడ నీకు సిగ్గు. మూడో అంతస్తుల స్లాబు కింద కరెంటు పోతే నేనెవరితోని చెప్పుకోవాలె ఉషా?” గీ మాట అన్నది. నువ్వు ఎనక్కి తిరిగి బస్టాండుకు నడిచినవ్. కోటేష్ సైకిలు ఏసుకొని ఎనకాల వస్తే ఎక్కలే.

ఇగ కల్లం సంగతి. మీ అక్క ఒక్క ఆకు కోయలే. ఒక్క కట్ట కట్టలే. పదకొండు కొట్టంగనే ఈ రేకుల కింద కూసోలేక, కల్లం కాడ ఏసిన కొమ్మల పందిరి కిందికి పోతది. అక్కడ నీళ్ల కుండలుంటయ్, గాలి ఆడ్తది. పొద్దు వాలేదాక అక్కడనే కూసుంటది. పంపింది నేనే. ముత్యాలు చూసింది అది. చెప్పింది అది కాదు, నువ్వు రాసింది అసలే కాదు.

నీ ఉత్తరం పట్టుకొని సూపర్‌వైజరు మేడం వచ్చింది. పిల్లలు ఉప్మా తింటున్నరు. వాళ్ల ముందట, వాళ్ల తల్లుల ముందట అడిగింది: “కడుపుతో ఉన్న కోడలిని ఆకుకు పంపేదానివి, వీళ్లకు ఏం చెప్తున్నవమ్మా నువ్వు?” పన్నెండేండ్లు వీళ్ల పిల్లల ముక్కులు తుడిచిన. ఒక్కరు నోరు తెరిచి అబద్ధమని చెప్పలే. అందరు ఆకుకు పోయేటోళ్లే, ఎవరి భయం వాళ్లది. రిజిస్టర్లు తీసుకపోయింది. మళ్ల చెప్పేదాక సంతకం పెట్టొద్దన్నది.

కాన్పు ఇక్కడనే. నా ఇంట్ల, నా చేతుల మీద. నువ్వు రావద్దు.

గంగక్క


ఖమ్మం,
20 మే 2003

అత్తకు,

నీళ్లు తీసుకోకపోవడానికి కారణం విషం కాదు. తాగితే ఏడుస్తానని.

అక్క మాట నాన్నకు చదివి వినిపించాను.

అక్క చెప్పాల్సింది చెప్పింది. మీరు చెప్పాల్సింది చెప్పారు. కల్లం గురించి మీరు రాసింది ఎంతవరకు నిజమో నాకు తెలియదు. ఇప్పుడు దాని గురించి ఆలోచించే తీరిక లేదు. ఇక్కడ మూడు రోజులుగా తారు రోడ్డు చెప్పులకు అంటుకుంటోంది. మా వీధిలో ఇస్త్రీ చేసే ముసలాయన మొన్న బండి దగ్గరే కూలిపోయాడు.

దమ్మపేట బస్సు కండక్టరుకు ఒక పార్సిల్ ఇచ్చాను. దమ్మపేటలో బావను తీసుకోమనండి. అందులో థర్మామీటరు ఉంది, అమ్మ పాత నూలు చీర ముక్కలు ఉన్నాయి. ఒకసారి ఒక ముక్క మాత్రమే చుట్టండి. కుంపటి వద్దు. కిటికీ మూయొద్దు. అక్క అడిగినన్ని నీళ్లు ఇవ్వండి. బిడ్డకు అక్క పాలు తప్ప ఏమీ వద్దు. ఒంటి వేడి నూరు దాటినా, పాలు పట్టకపోయినా ఆ నిమిషమే దవాఖానాకు బయలుదేరండి.

ఈసారి ఏమైనా జరిగితే నేను ఆఫీసుకు రాయను. పోలీసు స్టేషనుకు వెళతాను. మీరు మా నాన్న అక్క అయినా సరే.

ఉషారాణి


ఊటవాగు గుంపు,
10 జూన్ 2003

ఉషారాణికి,

పోలీసులను పిలిచే పని పడలే. ఆడపిల్ల. మే 28 పొద్దున, దవాఖానా నర్సమ్మ ఉండంగనే, ఇంట్లనే అయింది. బతికున్నది. ఈ ముక్క ముందుగాల రాసిన, లేకుంటే తక్కినది సదవవు.

నీ ఉత్తరం చూసి చేసిన అనుకోకు. నీ ఉత్తరం బియ్యం డబ్బా కింద పెట్టిన. మొదటి రోజు కుంపటి పెట్టిన. అబద్ధం చెప్ప, పెట్టిన. పురిటింట్ల నిప్పు లేకుండ నా చేతులు ఊరుకోవు. కిటికీ మాత్రం తెరిచిన.

రెండో రోజు మధ్యాహ్నం పిల్లను ఎత్తుకుంటే వీపు కాలుతున్నది. రొమ్ముకు పెడితే నోరు తెరిచి అట్లనే ఉన్నది, సప్పరించలే. మీ అక్క నా మొకం చూసింది. బాబును అట్ల పట్టుకున్నప్పుడు గూడ అట్లనే చూసింది. నీ గాజు పుల్ల సంకల పెట్టిన. నూట ఒకటి.

కుంపటి తీసి వాకిట్ల ఇసిరికొట్టిన. రేకులు ఎక్కించినప్పుడు పాత రెల్లుగడ్డి పారేయలే. బర్రెల కొట్టం మీద కప్పుకున్నం, రెండు వరసలు. బర్రెలను ఇడిసి, పేడ ఎత్తి, కడిగి, మంచం తీసుకపోయి కొట్టంల ఏసిన. నాలుగు పక్కల గోనెపట్టాలు తడిపి కట్టిన. కోటేష్ నీళ్లు మోసిండు. పిల్లకు మీ అమ్మ చీర ముక్క ఒక్కటే. మీ అక్కకు చెంబులకు చెంబులు నీళ్లు పోసిన.

మా ఆడబిడ్డ వాకిట్ల నిలబడి లొల్లి పెట్టింది. “బాలింతను బర్రెల కొట్టంల పండబెడ్తరా ఎక్కడన్న! ఇంటికి అరిష్టం కాదా?”

“ఇంట్లనే పండబెట్టి ఒకణ్ణి పోగొట్టుకున్న. ఇంకా మిగిలిందేందే అరిష్టం?” అన్న.

“గంగక్కకు మతి పోయింది” అన్నది.

“పోతే పోనీ. నువ్వు ఆ పట్టా తడుపు” అన్న. తడిపింది.

ఆటోకు కబురు పెడితే వచ్చేసరికి గంట పట్టింది. ఆ గంటల పిల్ల నోరు కదిలించింది. దమ్మపేట దవాఖానాల రెండు రోజులు ఉంచిన్రు. రెండు కిలోల వంద. సన్నదే గాని గట్టిది. ఇప్పుడు పొద్దంత కొట్టంలనే ఉంటున్నరు తల్లీబిడ్డ. ఊరోళ్లు దాన్ని బర్రె పిల్ల అంటున్నరు. అననీ.

ఇప్పుడు నీ లెక్క. జూన్ రెండున కాయితం వచ్చింది. నన్ను తీసేసిన్రు. సెంటరు తాళంచెవి ఆయమ్మకు ఇచ్చిన. పిల్లలు బడి అనుకొని మా వాకిట్లకే వస్తున్నరు, తరుముతున్న. నేను చెయ్యని పనికి పోయింది నా కొలువు. చేసిన పనికి పోతే ఊరుకునేదాన్ని.

ఇరవై ఒకటో రోజు పురుడు. పిన్నివి, బొట్టు పెట్టి పిలవాలె. పిలుస్తలేను. మీ నాన్నను రమ్మను.

గంగక్క


ఖమ్మం,
22 జూన్ 2003

అత్తా,

నాన్న పురుడు నుంచి వచ్చాడు. పిల్ల నీ పోలిక అన్నాడు. నుదురు, చెవులు. తూకం ఎంత అని అడిగితే “చేతికి బరువు తెలుస్తోంది” అన్నాడు. అక్క నా గురించి ఏమైనా అడిగిందా అంటే కాళ్లు కడుక్కోవడానికి వెళ్లాడు. ఇక్కడ ఇంకా వాన లేదు.

ముత్యాలు మామయ్యను వెతుక్కుంటూ మొన్న మార్కెట్ యార్డుకు వెళ్లాను. అక్కడ అంతా మగవాళ్లే. గేటు దగ్గర చాలాసేపు నిలబడి తర్వాత లోపలికి వెళ్లాను. అక్క ఆకు కోయడం నువ్వు కళ్లారా చూశావా అని అడిగాను. “కోస్తుంటే చూసిన్నని నేనెప్పుడన్న? పందిరి కింద కూసున్నది. కల్లంల చూసిన అన్న, గంతే” అన్నాడు. నేను అప్పుడు అతన్ని రెండో ప్రశ్న అడగకుండానే ఆఫీసుకు రాశాను.

నిన్న ప్రాజెక్టు ఆఫీసుకు వెళ్లాను. నేను రాసింది తప్పని, విచారించుకోకుండా రాశానని కాగితం మీద పెట్టి సంతకం చేశాను. గుమాస్తా చదివి, “మీరే పెట్టారు, మీరే తీస్తున్నారు. ఇదేమన్నా ఆటా అమ్మా?” అన్నాడు. అక్కడ ఉన్న వాళ్లందరూ తల ఎత్తి చూశారు. నేను వెళ్లిపోలేదు. రసీదు ఇచ్చేదాకా నిలబడ్డాను. దాని నకలు ఇందులో పెట్టాను. కొలువు తిరిగి వస్తుందో లేదో అతను చెప్పలేదు. వస్తుందని నేను రాయలేను.

కుంపటి మాత్రం తప్పే. ఆ మాట వెనక్కి తీసుకోను. రెండో రోజు దాన్ని వాకిట్లోకి విసిరావు కాబట్టి నీకూ తెలుసు.

ఇది చదివాక నన్ను పిలవమని అడగను. అక్కకు చదివి వినిపించాలో వద్దో నీ ఇష్టం.

బాబు పాలు పట్టడం లేదని నీకు నాలుగింటికి చెప్పాను. నేను చూసింది పొద్దున పదింటికి. గది నిండా చూడవచ్చిన ఆడవాళ్లు కూర్చుని ఉన్నారు. వాళ్లు వెళ్లేదాకా ఆగాను.

ఉష